చాంగీ వెళ్తున్న బుజ్జికి

విశాఖపట్నం, పెదవాల్తేరు

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

మన నేవీ విమాన స్థావరం డేగాలో డోర్నియర్ గస్తీ విమానం నడిపిన నిన్ను లయజాన్ ఆఫీసరుగా సింగపూర్‌లోని చాంగీకి పంపుతున్నారని దిగులుపడకు. ఇదీ గస్తీయేనమ్మా. ఇన్నాళ్లూ రాడార్‌కి తగిలినదాన్ని కిందికి దిగి కళ్లతో చూసి తేల్చుకున్నావు. ఇక ఇంకో దేశం వాళ్లు చూసినదాన్ని మనవాళ్లకి చెప్పాలి. నువ్వు చూడనిది కాబట్టి మరింత కొలిచి చెప్పాలి.

ముందు టైము. ఇక్కడ ఉదయం పదకొండున్నరైతే అక్కడ మధ్యాహ్నం 2, జులూ (అంటే గ్రీనిచ్ టైము) ఉదయం 6. రిపోర్టులో జులూ తప్ప ఇంకోటి రాయకు. మన టైమును ఎవరైనా జులూ అనుకుంటే ఐదున్నర గంటల తేడా; 12 నాట్స్‌తో, అంటే గంటకి 12 నాటికల్ మైళ్లు పోయే ఓడ ఆలోగా 66 నాటికల్ మైళ్లు దాటేస్తుంది.

అక్షాంశం ఇంకా ప్రమాదం. 17.41 డిగ్రీలంటే 17 డిగ్రీల 24.6 నిమిషాలు. దాన్నే 17 డిగ్రీల 41 నిమిషాలని చదివితే సుమారు 30 కిలోమీటర్లు తప్పు. ఫోనులో విన్నప్పుడు డిగ్రీలా, నిమిషాలా అని అడిగి, తిరిగి చదివి వినిపించు. అడగడానికి మొహమాటపడకు.

ఓడ పేరును నమ్మకు, రంగు వేసి మార్చేస్తారు. జెండా మారితే ఎంఎంఎస్ఐ, అంటే ఓడ రేడియో గుర్తింపు నంబరు కూడా మారుతుంది. అంతర్జాతీయ సముద్ర సంస్థ పేరుమీద ఉండే ఏడంకెల ఐఎంఓ నంబరు మాత్రం ఓడను విరగ్గొట్టేదాకా దానిదే. అది సరిగ్గా రాసుకున్నావో లేదో అక్కడే తేల్చుకోవచ్చు: మొదటి ఆరంకెల్ని వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడు. మొత్తంలో చివరి అంకె, నంబరులో ఏడో అంకె ఒకటే కావాలి.

అన్నిటికంటే ముఖ్యం ఏఐఎస్, అంటే ఓడ తానెవరో, ఎక్కడుందో రేడియోలో తానే చెప్పుకునే పరికరం. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 గ్రాస్ టన్నులు, ఆపై ఓడలకి అది తప్పనిసరి. అది వినబడకపోతే "కట్టేశాడు" అని రాసేయాలనిపిస్తుంది. రాయకు. రిసీవర్‌కి దూరమై ఉండొచ్చు, కరెంటు పోయి ఉండొచ్చు, దొంగల భయంతో కెప్టెనే ఆపి ఉండొచ్చు. "ఆఖరున ఫలానా టైముకి, ఫలానా చోట వినబడింది" అని మాత్రమే రాయి. చూసింది, విన్నది, ఊహించింది మూడు వేర్వేరు వరసల్లో ఉండాలి. కలిపేస్తే నీ ఊహ అవతలి ఆఫీసులో నిజమైపోతుంది, దాన్ని పట్టుకుని ఎవరో ఓడను పంపుతారు.

మన ఫిషింగ్ హార్బరు చెక్క బోట్లు రాడార్‌కి సరిగా ఆనవని నీకు తెలుసు. పక్క కుర్చీలో ఆఫీసరుకి తెలియకపోవచ్చు. అలాంటివి చెప్పడానికే నిన్ను అక్కడ కూర్చోబెడుతున్నారు.

ఒక దేశం ఇచ్చిన సమాచారాన్ని వాళ్లని అడక్కుండా మూడోవాళ్లకి ఇవ్వకు. ఒక్కసారి ఇచ్చావంటే మళ్లీ నీకేమీ చెప్పరు. ఏ గొడవా లేని రోజుల్లోనే అందరు డ్యూటీ ఆఫీసర్లకీ ఫోన్ చేసి గొంతు అలవాటు చేసుకో.

పైన చెప్పిన లెక్కతో 9074729 సరైనదో కాదో చూసి నాకు రాయి.

మీ నాన్న