బడి తోటకు ముందు నీటి దారి చూడండి

సంపాదకుడు గారికి,

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అంగన్‌వాడీలకు, ప్రాథమిక బడులకు కొత్త గదుల అంచనాలు వేసే ఇంజినీర్లకు, బడి కమిటీ పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఆకుకూర ఎలా మొలుస్తుందో పిల్లలు కళ్లారా చూసే మడికి భవనం ప్లానులోనే చోటివ్వండి. గదులు కట్టి, రంగులేసి, ఆవరణంతా సిమెంటు పోశాక మిగిలిన మూలలో నాలుగు మొక్కలు నాటితే అవి వేసవి దాటవు. బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్ర విద్యాశాఖ 2019లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ తోటకు నీళ్లు ఏ పైపులో రావాలో మాత్రం మన ప్లానులో ఉండదు.

వియత్నాంలోని బియెన్ హోవాలో 2013లో చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు 500 మంది కోసం ఒక బడి కట్టారు. మూడు చుట్లు తిరిగిన పచ్చని కప్పు, దాని మీద 200 చదరపు మీటర్ల కూరల తోట. ఆ ఫొటోలు చూసి మన పాత డాబాల మీద మట్టి పోయించాలని ఎవరైనా ఉత్సాహపడితే దయచేసి ఆపండి. తడిసిన మట్టి అర అడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకు 270 కిలోల దాకా తూగుతుంది. జనం ఎక్కి తిరిగే కప్పుకు మన ప్రమాణాలు లెక్కగట్టే అదనపు బరువు 150 కిలోలే. పైగా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో శ్లాబులోకి చెమ్మ దిగితే ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడతాయి. బియెన్ హోవా బడి కప్పును మొదటి నుంచీ తోట బరువు మోసేలా లెక్కగట్టి కట్టారు. మన పాత కప్పుల లెక్క వేరు కాబట్టి మనకు నేల మీద మడి, పడమటి వైపు పందిరి చాలు.

మడి పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు ఉండాలి. వెడల్పు అంతకు మించితే నాలుగేళ్ల బిడ్డ చెయ్యి నడిమికి అందదు, మడిలోకి ఎక్కి తొక్కేస్తుంది. రెండు మడుల మధ్య మూడడుగుల బాట వదిలితే చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకూ దారి దొరుకుతుంది. అంచులకు మార్కాపురం పలకరాయి ముక్కలు, చీమకుర్తి గ్రానైట్ తుంటలు చవకగా దొరుకుతాయి. కాకపోతే వాటి మొనలు కత్తుల్లా ఉంటాయి. అరగదీయించాలి, లేదా పైన సిమెంటు పూయించాలి. మడి గోడకు మూడడుగుల దూరంలో ఉండాలి. ఆనించి కడితే పునాదికి చెమ్మ, తలుపులకు చెదలు తప్పవు.

ఒక్కో మడికి సుమారు 30 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, పైన రెండు కిలోల వేపపిండి. ఒంగోలు వైపు నల్లరేగడిని అచ్చంగా నింపితే వానలకు నీరు నిలిచి, ఎండలకు నెర్రెలిస్తుంది. పచ్చిపేడ మాత్రం వద్దు. అందులో వేరుపురుగు వస్తుంది, చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు జబ్బులూ వస్తాయి.

ఇక నీళ్లు. ఆ మడి వైశాల్యం 2.8 చదరపు మీటర్లు. మామూలు రోజుల్లో రోజుకు 14 లీటర్లు కావాలి. మూతకు చిల్లులు పొడిచిన అర లీటరు సీసా ఒక్కో బిడ్డ చేతికిస్తే 28 మంది పోసిన నీరు సరిగ్గా అంతే. జూన్‌లో వడగాడ్పులున్నప్పుడు సాయంత్రం ఇంకో సగం నీళ్లు పోయాలి.

భోజనానికి ముందు 60 మంది చేతులు కడిగితే రోజుకు 60 లీటర్ల దాకా నీరు కాలవలోకి పోతుంది. దాన్ని రెండడుగుల గుంటలోకి మళ్లించి, అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్లది, పైన ముతక ఇసుక వేయాలి. అక్కడి నుంచి అరటికి, కరివేపాకుకు, పందిరి పాదులకు పంపవచ్చు. సబ్బు నీరు కనుక ఆకుకూర మడులకు పెట్టకూడదు. కంచాలు కడిగిన నీటికి వేరే దారి చూడాలి, లేకుంటే మెతుకులు, నూనె పట్టి నెలలోపే గుంట పూడుకుపోతుంది. చేతుల నీటి గుంటలో అయినా నెలకోసారి పై అంగుళం ఇసుక గీకి కడగాలి. ఈ పని ఎవరిదో ముందే రాసి పెట్టకపోతే ఎవరూ చేయరు.

మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఒకటిన్నర సెంటీమీటర్ల వాన పడితే 1200 లీటర్లు పట్టుకోవచ్చు. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక మడికి రెండు నెలలకు పైగా వస్తుంది. తొలి వానలో కప్పు మీది దుమ్ము, రెట్టలు కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీటిని బయటికి వదిలేయాలి. కనిగిరి ప్రాంతంలో తాగునీటిలోని ఫ్లోరైడ్ తీసేందుకు శుద్ధి ప్లాంటు పెట్టుకున్న బడులు ఆ ప్లాంటు వదిలే నీటిని మడులకు పెట్టకండి. వడగట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది, కొన్నాళ్లకు మట్టి తెల్లగా పొరకడుతుంది. సముద్రం ఒడ్డున బోరు నీరు ఉప్పగా ఉన్న ఊళ్లలో చిక్కుడు బతకదు, పాలకూర కొంత తట్టుకుంటుంది.

విత్తనం ఎంపికలో పిల్లల వేళ్లు గుర్తుంచుకోవాలి. బెండ, గోరుచిక్కుడు, గుమ్మడి గింజలు వాళ్లు పట్టుకోగలరు. బెండను రాత్రి నానబెట్టి, వేలి మొదటి కణుపు లోతున పెట్టించాలి. తోటకూర విత్తనం మరీ సన్నం, పదింతల ఇసుకలో కలిపి చల్లించాలి. లేకుంటే గుప్పెడంతా ఒకచోటే పడి, మొలక కుళ్లి పడిపోతుంది. చిన్నపిల్లలు ఎక్కువ రోజులు ఎదురుచూడలేరు కనుక నాలుగైదు రోజుల్లో మొలిచే మెంతులతో మొదలుపెట్టడం మంచిది. పందిరికి దొండ, తీగబచ్చలి వేస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. పడమటి గోడకు నీడ పట్టి మధ్యాహ్నం గది వేడీ తగ్గుతుంది. నవంబరు తుపానులకు నిలవాలంటే పందిరి గుంజలు రెండడుగుల లోతున కాంక్రీటులో పాతాలి. మునగ కిటికీలకు దూరంగా ఉండాలి. వానాకాలంలో దానికి పట్టే గొంగళి పురుగుల నూగు తగిలితే పిల్లల ఒళ్లంతా దద్దుర్లే.

పేనుబంక వస్తే నీటి ధారతో కడిగించండి. అప్పటికీ పోకపోతే బడి వదిలాక పెద్దవాళ్లే వేపగింజల కషాయం కొట్టాలి. రసాయన మందు సీసా బడి గేటు దాటకూడదు. విత్తనాలకు, సలహాకు దర్శిలో, నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి.

ఏప్రిల్ చివర బడి మూసేటప్పుడు మడిని తడిపి, లోపలికి కనిపించే పల్చని పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూయాలి. ఆరు వారాల ఎండకు కలుపు గింజలు, నులిపురుగులు చాలావరకు చస్తాయి. జూన్‌లో బడి తెరిచే నాటికి మడి సిద్ధంగా ఉంటుంది.

అధికారులకు ఒక మాట. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు పెట్టాలి, అంటే 60 మందికి మూడు కిలోలు. రెండు మూడు మడులు రోజూ అంత ఇవ్వలేవు. దిగుబడి లక్ష్యాలు పెట్టి టీచర్లనూ వంట చేసే తల్లులనూ ఇబ్బంది పెట్టవద్దు. వారానికోసారి పప్పులో పిల్లలు కోసిన తోటకూర పడితే, కూర తిననని మొరాయించే బిడ్డ కూడా ముద్ద నోట్లో పెట్టుకుంటుంది.

ఇవన్నీ అంచనాల్లో చేరడానికి ఎలాగూ సమయం పడుతుంది. పైసా ఖర్చు లేని పని ఒకటి మాత్రం ఈ వారమే చేయవచ్చు. అందానికని బడి ఆవరణల్లో నాటిన గన్నేరు, పచ్చగన్నేరు చెట్లను వేళ్లతో సహా తీయించండి. ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ పప్పు ప్రాణాలు తీస్తుంది. కొట్టిన కొమ్మల పొగ కూడా విషమే కనుక తగలబెట్టవద్దు, వంట పొయ్యిలోకి పోనివ్వవద్దు, పిల్లలూ పశువులూ తిరగని చోట లోతుగా పూడ్చండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు