27 సెకన్లు, మూతపడ్డ ఒక కంపెనీ, ఇంకా తెగని తగువు

బావా,

నువ్వు అడిగింది రెండే ముక్కలు. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర కూలిన విమానం గురించి పైలట్లు ఇన్నేళ్లయినా ఎందుకు వాదించుకుంటున్నారు, అసలు తప్పెవరిది అని. రెండోదానికి అధికారిక నివేదికలో సూటిగా జవాబుంది: స్టాల్ (రెక్కలు విమానాన్ని ఇక మోయలేకపోవడం) దగ్గరపడుతోందని హెచ్చరించే స్టిక్ షేకర్ మోగినప్పుడు కెప్టెన్ చెయ్యకూడని పని చేశాడు. కానీ ఆ వాక్యం కింద నాలుగు తోడు కారణాలు కూడా రాశారు. గొడవంతా వాటి చుట్టూనే. ఉత్తరం పొడుగైపోతుంది, తీరిగ్గా చదువు.

ముందు ఆ విమానం ఎవరిదో తెలియాలి. టికెట్ మీద కాంటినెంటల్ కనెక్షన్ 3407 అని ఉంది. విమానానికి వేసిన రంగులూ కాంటినెంటల్‌వే. నడిపింది మాత్రం కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ కంపెనీ. ఆ కోల్గన్‌ను 2007లో పినకిల్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ కొనేసింది. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా పెద్ద కంపెనీయే టికెట్లు అమ్ముకుంటుంది, ఏ ఊరికి ఎన్ని సర్వీసులో అదే నిర్ణయిస్తుంది, నడిపినందుకు చిన్న కంపెనీకి ఇంత అని లెక్కకట్టి ఇస్తుంది. ఇక చిన్న కంపెనీ లాభం చూసుకోవాలంటే దాని చేతిలో మిగిలేది జీతాలు, శిక్షణ, మరమ్మతుల ఖర్చే. ఇది మనసులో పెట్టుకో, మళ్లీ ఇక్కడికే వస్తాం.

ఇప్పుడు ఆ రాత్రి. ఫిబ్రవరి 12. న్యూయార్క్ పక్కనున్న నూవర్క్ నుంచి బఫెలోకి రెండు గంటలకు పైగా ఆలస్యంగా బయల్దేరింది. విమానం బొంబార్డియర్ క్యూ400, రెండు టర్బోప్రాప్ ఇంజన్లది. దార్లో మంచు పట్టింది, డీ-ఐసింగ్ వేశారు. మంచులో ఎగిరేటప్పుడు ఈ విమానంలో పైలట్లు 'రెఫ్ స్పీడ్స్' అనే స్విచ్‌ని 'ఇంక్రీజ్' వైపు పెట్టాలి. పెడితే స్టాల్ హెచ్చరిక మామూలు కంటే 15 నుంచి 20 నాట్ల ముందే మోగుతుంది. రెక్క మీద మంచుంటే విమానం ఎక్కువ వేగంలోనే స్టాల్ అవ్వొచ్చు కాబట్టి ఆ జాగ్రత్త. వాళ్లు స్విచ్ పెట్టారు, తప్పేం లేదు. కానీ దానికి సరిపడా దిగే వేగాన్ని పెంచుకోలేదు. ఏకార్స్ (విమానానికీ నేలకీ మధ్య సందేశాలు నడిపే వ్యవస్థ) ద్వారా ల్యాండింగ్ లెక్కలు తెప్పించుకున్నప్పుడు ఐసింగ్ అన్న మాట జోడించకపోతే అది మామూలు వేగాలే పంపుతుంది. అలా వాళ్ల దగ్గర 118 నాట్లు ఉండిపోయింది. మంచు లెక్కన 138 ఉండాలి. అంటే స్విచ్ ఒక మాట చెబుతోంది, స్పీడ్ బగ్ (దిగే వేగానికి పెట్టుకునే గుర్తు) ఇంకో మాట చెబుతోంది. రెంటినీ పక్కపక్కన పెట్టి సరిచూసే పద్ధతి కోల్గన్ చెక్‌లిస్టులో సరిగ్గా లేదు. నివేదికలోని నాలుగో తోడు కారణం అదే.

2,300 అడుగుల దగ్గర ఆటోపైలట్ విమానాన్ని సమంగా పట్టుకుంది. పవర్ దాదాపు ఐడిల్. గేర్ దించారు, ప్రొపెల్లర్లు గరిష్ఠ ఆర్పీఎమ్‌కి వెళ్లాయి. ఆ స్థితిలో ఆ పెద్ద ప్రొపెల్లర్లు గాలికి అడ్డంగా నిలబెట్టిన పళ్లేల్లాంటివి. వేగం 180 నాట్ల దగ్గర్నుంచి అర నిమిషం కూడా పట్టకుండా 131కి జారిపోయింది. వేగం చూపించే స్పీడ్ టేపు మీద, వేగం మరీ తగ్గుతోందని హెచ్చరించే ఎరుపు-నలుపు పట్టీ కిందనుంచి పైకి పాకుతూ వస్తూనే ఉంది. ఇద్దరూ చూడలేదు. 10 వేల అడుగుల కింద పనికి సంబంధం లేని మాటలు మాట్లాడకూడదని 1981 నుంచి ఉన్న స్టెరైల్ కాక్‌పిట్ నియమం. కాసేపటి ముందు వరకూ వాళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

రాత్రి 10 గంటల 16 నిమిషాల 27వ సెకనుకి స్టిక్ షేకర్ మోగింది, ఆటోపైలట్ దానంతటదే వదిలేసింది. నిజానికి ఆ క్షణాన విమానం ఇంకా స్టాల్‌లో లేదు. ఆ స్విచ్ వల్ల హెచ్చరిక ముందే వచ్చింది, చేతిలో ఇంకా వేగం మిగిలే ఉంది. ముక్కు కిందికి దించి, పవర్ పూర్తిగా ఇస్తే గండం గడిచేది. కెప్టెన్ పవర్ ఇచ్చాడు కానీ పూర్తిగా కాదు. కంట్రోల్ కాలమ్‌ని మాత్రం ఒంటిమీదికి లాగాడు. ముక్కు 31 డిగ్రీల దాకా లేచింది. అప్పుడు అసలు స్టాల్ వచ్చింది. విమానం ఎడమకి ఒరిగి, మళ్లీ కుడికి 105 డిగ్రీల దాకా తిరిగింది. ఆ సమయానికి స్టిక్ పుషర్ అనే యంత్రం కాలమ్‌ని బలవంతంగా ముందుకి నెట్టింది. ఆయన దాని మీద కూడా ఎదురు లాగాడు. మధ్యలో ఫస్ట్ ఆఫీసర్ అడక్కుండానే ఫ్లాప్‌లు (తక్కువ వేగంలో రెక్కకి తోడుగా మోసే పలకలు) పైకెత్తేసింది, దాంతో ఉన్న లిఫ్ట్ కూడా పోయింది. 54వ సెకనుకి క్లారెన్స్ సెంటర్‌లో ఒక ఇంటిమీద పడింది. విమానంలోని 49 మంది, ఆ ఇంట్లో ఒకరు, మొత్తం 50 మంది పోయారు.

పైలట్లలో ఒక పక్షం ఇక్కడే పుస్తకం మూసేస్తుంది. స్టాల్ హెచ్చరిక వస్తే ముక్కు దించాలన్నది మొదటి పది గంటల్లో నేర్పే పాఠం, అది మర్చిపోయినవాడికి ఇంకెవరూ పూచీ పడక్కర్లేదంటారు. ఆ మాట నేను కొట్టెయ్యను. లాగిన చెయ్యి ఆయనదే. దాన్ని ఎవరి నెత్తినో రుద్దితే ఆ 50 మందికి అన్యాయం చేసినట్టే.

కానీ రెండో పక్షం అడిగే ప్రశ్న గట్టిది బావా: అంత మొదటి పాఠం మరి ఎందుకు మారిపోయింది? అప్పట్లో సిమ్యులేటర్‌లో ఎయిర్‌లైన్ పైలట్లకి చేయించింది స్టాల్ కాదు, స్టాల్‌కి దగ్గరయ్యే స్థితి. షేకర్ మోగగానే పవర్ ఇవ్వాలి, ఎత్తు తగ్గకూడదు. పరీక్షలో మార్కులు పోయేది ఎత్తు పోగొట్టుకుంటేనే. ఏళ్ల తరబడి అలా చేస్తే షేకర్ శబ్దం వినగానే చెయ్యి ముక్కును నిలబెట్టడానికే వెళ్తుంది, దించడానికి కాదు. పూర్తి స్టాల్ కోల్గన్ శిక్షణలో లేదు. స్టిక్ పుషర్ తోస్తే ఎలా ఉంటుందో చూపించడం కూడా లేదు. కాలమ్ ఒక్కసారిగా నీ చేతుల్లోంచి ముందుకి పీక్కుపోతుంటే, అది విమానాన్ని కాపాడుతోందని ముందే తెలియనివాడికి పట్టు బిగించి వెనక్కి లాగాలనే అనిపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, పైలట్లు ఎక్కువగా తర్జనభర్జన పడేది దీని మీదే. మంచు రెక్కకే కాదు, తోకకీ పడుతుంది. తోక స్టాల్ అయితే చెయ్యాల్సింది సరిగ్గా తలకిందులు: కాలమ్ లాగాలి, ఫ్లాప్‌లు ఎత్తాలి. ఆ రాత్రి కాక్‌పిట్‌లో జరిగిన రెండు పనులూ అవే. పైగా కోల్గన్ శిక్షణలో తోక స్టాల్ గురించి నాసా తీసిన వీడియో ఉండేది. క్యూ400కి ఆ సమస్యే లేదు, అయినా చూపించారు. అందుకని ఆయన తోక స్టాల్ అనుకున్నాడేమో అని చాలామంది నమ్ముతారు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా భద్రతా బోర్డు) మాత్రం అలా జరిగే అవకాశం తక్కువని తేల్చింది. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆలోచించి చేసిన పని అయితే తీరు వేరుగా ఉంటుంది, ఇది ఉలికిపాటు. అలాగని సంబంధం లేని విమానపు పాఠాన్ని తలలో పెట్టిన తప్పు తప్పు కాకుండా పోదు.

ఇక కెప్టెన్‌ని ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నారన్న సంగతి. 2005లో ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకి ఉన్నది 618 గంటలు ఎగిరిన అనుభవం. అంతకుముందు చెక్‌రైడ్‌లు (ఎగిరి చూపించే పరీక్షలు) ఒకటికి మించి తప్పాడు, దరఖాస్తులో ఒక్కటే చెప్పాడు. ఆ దాపరికం ఆయనది. అయితే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ దగ్గర ఆ రికార్డులు ఉన్నాయి. అభ్యర్థి సంతకంతో అడిగితే ఇస్తారు. అడగాలని తప్పనిసరి నియమం లేదు, అడగలేదు. చేరాక కూడా కంపెనీ లోపలి పరీక్షల్లో ఆయన తడబడిన సందర్భాలున్నాయి. అలాంటివాళ్లని విడిగా గమనించి సానబెట్టే ఏర్పాటు కోల్గన్‌లో లేదు. అటువంటి కార్యక్రమాలు పెద్ద కంపెనీల్లో అప్పటికే ఉన్నాయి.

అలసట సంగతి చదివితే కడుపులో దేవినట్టవుతుంది. ఫస్ట్ ఆఫీసర్ ఉండేది సియాటిల్ దగ్గర, డ్యూటీ నూవర్క్‌లో. రాత్రంతా కార్గో విమానాల జంప్‌సీట్లో (సిబ్బందికి ఉండే అదనపు కుర్చీలో) మెంఫిస్ మీదుగా ప్రయాణం చేసి తెల్లారి ఆరున్నర లోపు నూవర్క్ చేరింది. జలుబు చేసి ఉంది. ఆమె ఏడాది జీతం విచారణలో 16 వేల డాలర్ల పైచిలుకు అని బయటికొచ్చింది. కంపెనీ తర్వాత దాన్ని 23,900 అని సవరించింది. ఏ లెక్క తీసుకున్నా నూవర్క్‌లో గది అద్దెకి తీసుకుని బతకడం ఆమె వల్ల కాదు. కెప్టెన్ ఇల్లు ఫ్లోరిడాలో. ముందు రాత్రి క్రూ రూమ్‌లోనే గడిపాడు, తెల్లవారుజామున మూడు దాటాక కంపెనీ కంప్యూటర్‌లోకి లాగిన్ అయినట్టు రికార్డు ఉంది. క్రూ రూమ్‌లో రాత్రి పడుకోకూడదని కంపెనీ నియమం. కానీ నూవర్క్‌లో ఉన్న 137 మంది కోల్గన్ పైలట్లలో 93 మంది దూరాన్నుంచి వచ్చి పోయేవాళ్లే, 29 మంది వెయ్యి మైళ్లకి పైనుంచి. వాళ్లంతా ఎక్కడ పడుకుంటున్నారో కంపెనీకి తెలియదని ఎలా అనగలం?

అలసటని కారణాల్లో చేర్చాలా వద్దా అని బోర్డులోనే చీలిక వచ్చింది. చైర్మన్ డెబోరా హెర్స్‌మన్ చేర్చాలని పట్టుబట్టి, కుదరక విడిగా తన అభిప్రాయం రాసింది. అలసట ఉందని అందరూ ఒప్పుకున్నారు, కానీ ఫలానా తప్పు దానివల్లే జరిగిందని కొలిచి చెప్పలేమన్నారు మిగతావాళ్లు. నా ఓటు హెర్స్‌మన్‌కే. వేగం పడిపోతుంటే ఇద్దరు మనుషుల నాలుగు కళ్లూ ఆ ఎరుపు పట్టీని దాటిపోవడం ఒట్టి నిర్లక్ష్యం అంటే నాకు మింగుడు పడదు.

ఆ తర్వాత కథ నీకు కొంత తెలుసు. మృతుల కుటుంబాలు వాషింగ్టన్ చుట్టూ తిరిగి తిరిగి 2010 ఆగస్టులో చట్టం తెప్పించాయి. బాగా పేరొచ్చింది 1,500 గంటల నిబంధనకి: ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్) లైసెన్సు ఉండాలి, దానికి 1,500 గంటలు కావాలి. సైన్యం నుంచి వస్తే 750, విమానయాన డిగ్రీ ఉంటే వెయ్యి. ఇక్కడే పైలట్ల సంఘానికీ ప్రాంతీయ కంపెనీల సంఘానికీ ఈనాటికీ చుక్కెదురు. కంపెనీలు ఎత్తి చూపేది నిజమే: ఆ రాత్రి కెప్టెన్‌కి 3,379 గంటలు, ఫస్ట్ ఆఫీసర్‌కి 2,244. ఈ నిబంధన ఆ ఇద్దర్నీ ఆపేది కాదు. కానీ 618 గంటలవాడిని చేర్చుకునే తలుపు మాత్రం మూసేది. జీతాలు పెరగడానికి కూడా అదొక కారణమైంది, మనుషులు దొరక్కపోయేసరికి పెంచక తప్పలేదు. అయినా నన్నడిగితే ఆ ప్రమాదానికి నేరుగా జవాబిచ్చినవి వేరే నియమాలు. 2019 మార్చి నుంచి సిమ్యులేటర్‌లో పూర్తి స్టాల్ చేయించాలి, పుషర్ తోస్తే చేతులు దానికి లొంగడం నేర్పించాలి. రికార్డులన్నీ ఒకేచోట చూసే డేటాబేస్ నియమం 2021లో వచ్చింది. చట్టం తర్వాత పదకొండేళ్లు!

మరి కోల్గన్ ఏమైంది? 2012 ఏప్రిల్ 1న పినకిల్ దివాలా పిటిషన్ వేసింది. సెప్టెంబర్ 5న కోల్గన్ ఆఖరి విమానం దిగింది. దాన్ని కొందరు శిక్ష అంటారు, నేను అననివ్వను. మూతపడింది లెక్కలు కుదరక. ఆ క్యూ400 సర్వీసులు ఇంకో ప్రాంతీయ కంపెనీకి వెళ్లాయి. పైలట్ల సీనియారిటీ జాబితాలు అంతకుముందే పినకిల్‌తోనూ, దాని చేతిలోనే ఉన్న మెసాబా అనే కంపెనీతోనూ కలిపేశారు. పినకిల్ డెల్టా చేతికి వెళ్లి 2013లో ఎండెవర్ ఎయిర్ అని పేరు మార్చుకుంది. పేరు పోయింది, పని మిగిలింది. కుటుంబాల దావాలు చాలావరకు కోర్టు బయటే తేలిపోయాయి. ఒక సంగతి చాలామందికి తెలియదు: ఎన్‌టీఎస్‌బీ తేల్చిన కారణాన్ని అమెరికా చట్టం ప్రకారం నష్టపరిహారపు దావాల్లో సాక్ష్యంగా పెట్టకూడదు. కారణం ఒక కాగితం మీద ఉంటుంది, బాధ్యత ఇంకో కాగితం మీద. ఆ రెండూ ఒకచోట కలవకపోవడం వల్లే పైలట్ల వాదన ఆగదు.

ఒక్కటి మాత్రం నన్ను ఇంకా కెలుకుతూ ఉంటుంది. 2014 జనవరి నుంచి కొత్త విశ్రాంతి నియమాలు వచ్చాయి: డ్యూటీకి ముందు 10 గంటలు, అందులో ఎవరూ లేపకుండా 8 గంటలు నిద్రపోయే వీలు. మంచివే. దూరం నుంచి వచ్చి పోయేవాళ్ల ప్రయాణానికి మాత్రం హద్దు పెట్టలేదు. దానికి బదులు ప్రతి ఫ్లైట్‌కి ముందు 'నేను డ్యూటీకి తగినట్టు ఉన్నాను' అని పైలట్ ధ్రువీకరించాలి. ఆ మాట పైలట్ చేతిలో ఆయుధమని, ఒంట్లో బాగోలేదంటే ఎవరూ బలవంతపెట్టలేరని కొందరంటారు. రేపు ఏదైనా జరిగితే మళ్లీ ఆ ఒక్కడి సంతకమే మిగులుతుందని ఇంకొందరంటారు. రాత్రంతా జంప్‌సీట్లో కూర్చుని వచ్చిన పిల్ల ఆ ఉదయం ఆ కాగితం ముందుంటే ఏం చేసేదంటావు? తీరిక చూసుకుని రాయి.

నీ
బావ