గళ్లు నింపితే దరఖాస్తు పూర్తయినట్టు కాదు

సంపాదకులకు,

డిగ్రీ కాలేజీల్లో బీకాం పిల్లలకు ఇన్సూరెన్స్ రంగంలో శిక్షణ ఇప్పించాలని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివి చాలా సంతోషించాను. అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు లైసెన్సు దరఖాస్తులు సిద్ధం చేసే పని హైదరాబాదులో కొన్నేళ్లు చేశాను. ఇప్పుడు అంబాజీపేటలో ఇంటి నుంచే చేస్తున్నాను. ఈ పని మన పిల్లలకు బాగా అబ్బుతుంది. నేర్పుతున్న తీరు చూస్తేనే బాధగా ఉంది. మా దగ్గర్లో ఒక శిక్షణ కేంద్రం వాళ్లు పాత దరఖాస్తు ఒకటి చేతికిచ్చి, పేర్లూ తేదీలూ మార్చి కొత్తది తయారుచేయమంటున్నారు. గళ్లన్నీ నిండితే సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు.

అమెరికాలో ఇన్సూరెన్స్ మీద అజమాయిషీ ప్రధానంగా రాష్ట్రాలదే. 1945 నాటి మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం దాన్ని వాటికే వదిలింది. రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఎన్ఏఐసీ రూపొందించిన యూసీఏఏ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. కంపెనీ మొదట సొంత రాష్ట్రంలో వేసేది ప్రైమరీ, తర్వాత వేరే రాష్ట్రాలకు విస్తరించేటప్పుడు వేసేది ఎక్స్‌పాన్షన్. ఫారాలు ఒకటే అయినా కనీస మూలధనం, డిపాజిట్, ఫీజు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే.

అసలు పని కాగితాలకూ కాగితాలకూ పొంతన చూడటం. చెరువు లీజు మీద బ్యాంకు లోనుకు వెళ్లినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అడంగల్‌లో ఒక విస్తీర్ణం, లీజు పత్రంలో ఇంకో విస్తీర్ణం ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. ఇక్కడా అంతే. ఏయే రకాల పాలసీలు అమ్ముతామో చెప్పే ఫారంలో ఇళ్లకూ కార్లకూ టిక్కు పెట్టి, రాబోయే ఏళ్ల లెక్కల్లో ఇళ్ల ప్రీమియం మాత్రమే చూపిస్తే, అధికారి మొదట అడిగే ప్రశ్న కార్ల సంగతేమిటని.

డైరెక్టర్లు తమ వివరాలు ప్రమాణం చేసి ఇచ్చే బయోగ్రఫికల్ అఫిడవిట్ మరీ జాగ్రత్తగా చూడాలి. 20 ఏళ్ల ఉద్యోగ చరిత్ర రాసి, నోటరీ ముందు సంతకం చేయాలి. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయికి నమూనా అఫిడవిట్ ఇచ్చాను. ఒక ఉద్యోగం 2014 మార్చిలో ముగిసింది, తర్వాతిది నవంబరులో మొదలైంది. మధ్య నెలలు ఖాళీ. "మార్చి తీసేసి అక్టోబరు పెట్టేస్తే సరిపోతుంది కదండీ" అంది. ఆ కేంద్రంలో అలాగే చెప్పారట. ప్రమాణం చేసి ఇచ్చే కాగితంలో మనం తేదీ మార్చడమా? ఆ మనిషినే అడిగి, ఖాళీగా ఉన్నానంటే ఖాళీ అనే రాయాలి. నేపథ్య విచారణ విడిగా మరో సంస్థ చేస్తుంది, తేడా అక్కడ బయటపడుతుంది.

ఇంత పట్టింపు ఎందుకో మన కోనసీమ వాళ్లకు వేరే చెప్పాలా? 1996 నవంబరు 6 తుపాను రాత్రి ఊరూరా కొబ్బరి తోటలు ఒక్కసారే నేలకూలాయి. ఒక ఇల్లు కాలితే ఏ కంపెనీ అయినా పరిహారం ఇస్తుంది. ఒక ప్రాంతమంతా ఒకే రోజు క్లెయిముకు వస్తే? 1992లో ఆండ్రూ తుపానుకు ఫ్లోరిడాలో కొన్ని కంపెనీలు దివాలా తీశాయి. అందుకే మూలధనం ఎంత, రీఇన్సూరెన్స్ (ఇన్సూరెన్స్ కంపెనీ తన కోసం మరో కంపెనీ దగ్గర తీసుకునే ఇన్సూరెన్స్) ఎవరి దగ్గర, నష్టం ఎంత దాటాక వాళ్లు కడతారు అని అంతగా అడుగుతారు. పాత ఫైల్లోంచి ఎత్తి అతికించిన రీఇన్సూరెన్స్ పేరా ఎక్కడో ఒక కుటుంబం ఇంటి పైకప్పుకు సంబంధించినదని పిల్లలకు తెలియాలి.

కాలేజీలకు నా విన్నపం ఒకటే. ఫారాలు తర్వాత నేర్పండి. ముందు బ్యాలెన్స్ షీట్ చదవడం, రీఇన్సూరెన్స్ ఒప్పందం అర్థం చేసుకోవడం నేర్పండి. పరీక్షకు కావాలనే తేడాలు పెట్టిన ఫైలు ఇచ్చి, వాటిని పట్టుకోమనండి. ఏ అంకె ఎవరిని అడగాలో రాయించండి. అలాంటి నమూనా ఫైళ్లు కల్పిత వివరాలతో నేను తయారుచేసి ఇస్తాను. అమలాపురం, రాజోలు వైపు ఏ కాలేజీ పిలిచినా సాయంత్రం పూట వచ్చి చెబుతాను, ఫీజు అక్కర్లేదు.

ఒక పాఠకురాలు,
అంబాజీపేట