బీరప్ప కథను రెండు గంటలకు కుదించవద్దు

డబ్లిన్

పూజ్యులైన పెద్దబాపుకు నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరు, పెద్దమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈసారి మన కులదైవం బీరప్ప పండుగకు, డోలు తాళాలతో తెల్లవార్లూ సాగే ఒగ్గు కథను రెండు గంటల్లో ముగించి, మిగిలిన రాత్రికి డీజే పెట్టించాలని కులపెద్దలు అనుకుంటున్నట్లు మీరు ఫోనులో చెప్పారు. పెద్దల మాటకు ఫోనులో ఎదురు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను గానీ మనసు ఒప్పలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. వీలైతే ఈ ఉత్తరాన్ని సంఘంలో చదివి వినిపించండి.

రెండు గంటల్లో బీరప్ప కథ ఎందాకా వస్తుంది? బీరప్ప అక్క మహంకాళి ఘట్టం దాటకముందే గడువు తీరిపోతుంది. కామరాతితో ఆయన కల్యాణం జరగకుండా అది బీరప్ప పండుగ ఎలా అవుతుంది? పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి వేళ్ల సందుల నుంచి సన్నని ధారగా వదులుతూ గుడి ముందర పట్నం అనే ముగ్గు వేసేదీ, దేవుని పెళ్లి జరిపించేదీ, ఆ పెళ్లి కథ చెప్పేదీ ఆ ఒగ్గు పూజారే అయినప్పుడు, పూజను ఉంచి కథను మాత్రం తగ్గించండని ఆయనను అడగడం నాకు తగినదిగా తోచడం లేదు.

ఆయన పనితనం కూడా పొడవైన రాత్రిని నమ్ముకున్నదే. ప్రధాన కథకుడు ఒక మాట అనగానే పక్కనున్న వంతగాడు ‘ఊ’ కొడతాడు, తెలియనట్టు ప్రశ్న వేస్తాడు, ఒక్కోసారి వెక్కిరిస్తాడు. డోలు, తాళం వారి మాటల వెంట నడుస్తాయి. నడిరాత్రి దాటి జనం కునుకుతున్నారని చూడగానే కథకుడు ఒక పిట్టకథ అందుకుని నవ్వించి, మళ్లీ అసలు దారిలోకి తీసుకువస్తాడు. పెద్దమ్మ కొంగుముడి విప్పి నోటు అందించినప్పుడు ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. కథ ఆగుతుంది, ఆమె పేరు, మన ఇంటిపేరు, మనుమల పేర్లు అన్నీ రాగంలో కలిసిపోతాయి, దీవెన పూర్తయ్యాక ఎక్కడ వదిలాడో సరిగ్గా ఆ మాట దగ్గరే కథ మళ్లీ మొదలవుతుంది. ఆ బృందానికి వచ్చే సంపాదనలో అలా చదివించిన కట్నాలది పెద్ద పాలు. సమయం కోస్తే ఆ పాలు కూడా కోసినట్టే.

పేరున్న ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు వేదికల మీద తక్కువ సేపట్లో చెప్పలేదా అని మన పిల్లలు అడుగుతారు. చెప్పారు. జనగామ వైపు మాణిక్యపురంలో పుట్టి, ఒగ్గు కథను సభల్లోకి తెచ్చి, కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017లో కన్నుమూసిన ఆ పెద్దాయన, వేదిక ఇచ్చిన సమయానికి తగ్గట్టు కథను మలచగలిగారంటే, అంతకు ముందు పూర్తి కథ ఆయన నోట ఉండబట్టే కదా. ఇప్పుడు నేర్చుకునే కుర్రవాడికి పూర్తి కథ చెప్పే రాత్రే దొరకకపోతే అతడు దేనిని మలచాలి? ఊరేగింపుల్లో, రాజకీయ సభల్లో ఒగ్గు డోలుకు గిరాకీ బాగానే ఉంది. ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి డోలు కొడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ అందులో కథ లేదు.

ఈ ఐర్లాండ్ దేశంలోనూ ఇలాంటి కథకులు ఉండేవారు. వారిని షానహీ అంటారు. కెర్రీ ప్రాంతంలో షాన్ ఓ కోనల్ (1853–1931) అనే ఒకాయన వ్యవసాయం, చేపల వేట చేసుకుంటూ, చదువు రాకపోయినా ఎన్నో కథలు నోటికి చెప్పేవాడు. వినేవాళ్లు తగ్గిపోయాక, మరిచిపోతానేమోనన్న భయంతో, సంత నుంచి వస్తూ ఎత్తుదారిలో నెమ్మదిగా సాగే తన బండి వెనుక నడుస్తూ ఆ బండికే కథ చెప్పుకునేవాడట. 1935లో ఇక్కడి ప్రభుత్వం జానపద సేకరణకు ఒక సంఘాన్ని నియమించింది. వాళ్లు ఊరూరా తిరిగి ఆనాటి రికార్డింగు యంత్రాల మైనపు గొట్టాల మీద కథకుల గొంతులు పట్టారు. కథను కాగితం మీదికి ఎక్కించాక, కొత్త గొట్టాలు కొనే స్తోమత లేక ఆ మైనాన్నే చెక్కి మళ్లీ వాడుకున్నారు. రాత మిగిలింది, చాలామంది గొంతు మిగలలేదు. మనకు ఆ ఇబ్బంది లేదు, ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అయితే ఫోను బీరప్ప కథకు ‘ఊ’ కొట్టదు, కట్నం చదివించదు.

కాబట్టి నా విన్నపం ఇది. కథను తెల్లవారేదాకా, కల్యాణం ముగిసేదాకా సాగనివ్వండి. డీజే తప్పదంటే మరునాటి సాయంత్రానికి పెట్టుకోమనండి. మైకు ఒకటి చాలు, ఎకో మాత్రం తగ్గించమని చెప్పండి, పోయినసారి సగం మాటలు అర్థం కాలేదని అమ్మ అన్నది. ఒగ్గు పూజారి ఒప్పుకుంటే తమ్ముడిని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయమనండి. ఆయనకు ఇష్టమైతే ఒక ప్రతిని వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠానికి ఇద్దాం. ఖర్చులో నా వంతు డబ్బు బాపు ఖాతాకు పంపుతున్నాను. దాన్ని పండుగ లెక్కలో కలపకుండా కథ బృందం చేతికే ఇప్పించగలరు. కట్నం చదివించేటప్పుడు నా పేరు కాకుండా నాయనమ్మ పేరు చెప్పించండి.

ఇట్లు,
మీ తమ్ముని పెద్దకొడుకు