దోమ పుట్టడం చూశాన్రా!

ఒరేయ్ మామా,

రెండు నెలలుగా ఉలుకూ పలుకూ లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. ఉద్యోగం అలాగే ఏడుస్తోంది, అమ్మ మోకాలు కాస్త నయం, పిల్లది బాగుంది. అంతే. అసలు సంగతి వేరే.

పిల్లదానికి కప్పపిల్లల్ని చూపిద్దామని కుంటలోంచి ఓ సీసాడు నీళ్లు తెచ్చాను. కప్పపిల్ల ఒక్కటీ లేదు గానీ, నీళ్ల నిండా దోమ లార్వాలు! తలకిందులుగా వేలాడుతూ, తోక చివరి గొట్టం నీటి పైకి పెట్టి ఊపిరి పీలుస్తున్నాయి. అంటే క్యూలెక్స్ లాంటి రకం దోమలన్నమాట. మలేరియా మోసే అనాఫిలిస్ దోమ లార్వాలకైతే ఆ గొట్టం ఉండదు, నీటి పైపొరకి ఆనుకుని పడుకుంటాయి. చెయ్యి నీడ పడితే చాలు, అన్నీ మెలికలు తిరుగుతూ అడుక్కి! అచ్చం వార్డెన్ టార్చి పడగానే మనం దుప్పట్లో దూరినట్టే. ఆ రాత్రి నువ్వు బకెట్‌తో... వద్దులే, మీ ఆవిడ కూడా చదువుతుంది.

మొదటి విడతని నేనే చంపేశా. ఆకలేమోనని బ్రెడ్డు పొడి చల్లితే మర్నాటికి నీళ్ల మీద తెట్టు కట్టి, పాపం ఊపిరాడక పోయాయి. దోమలు చచ్చాయని బాధపడ్డవాణ్ని ఎక్కడైనా చూశావా? రెండోసారి ఏమీ వెయ్యలేదు. మూతి దగ్గరి కుచ్చులతో నీళ్లు లాక్కుని నాచూ అదీ అవే తింటాయి. నాలుగోసారి తోలు విడిచాక ప్యూపా అయ్యాయి, అంటే దోమయ్యే ముందు దశ. ఇక తిండి లేదు, కానీ ముట్టుకుంటే పల్టీలు కొడతాయి.

మొన్న రాత్రి ఒకటి కామాలా ఉన్నది కాస్తా తిన్నగా సాగింది. వీపు చీలింది. అందులోంచి పాలిపోయిన దోమ నిలువునా లేస్తోందిరా! ఒక్కో కాలూ లాక్కుని, విడిచిన తోలు మీదే నిలబడింది, పడవలో నిలబడ్డట్టు. నా ఊపిరి తగిలి ఎక్కడ నీళ్లలో పడిపోతుందోనని ఊపిరి బిగబట్టాను. మీసాలు ఈకల్లా కుచ్చులు కుచ్చులుగా ఉన్నాయి, మగది. అది కుట్టదు, సాధుజీవి. నీలాగే, పెళ్లయ్యాక.

1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ కూడా ఇలాగే లార్వాల నుంచి దోమల్ని పెంచి, వాటి పొట్టలో మలేరియా క్రిమిని పట్టాడు. ఆయనకి నోబెల్ వచ్చింది. నాకేమో... నిన్న ఆడవి కూడా లేచాయి. సీసా మూతికి కట్టిన గుడ్డ రబ్బరు బ్యాండు ఎప్పుడు జారిందో చూసుకోలేదు.

లోపల్నుంచి ఒకటే చప్పట్లు. మెచ్చుకోలు కాదులే. పిలుస్తున్నారు, మిగతాది

నీ
దోమల కాపరి