ప్రదర్శనకు ముందురోజు వేదిక మాకివ్వండి: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు నాటకాలు వేసుకునేవాళ్ల తరఫున ఈ లేఖ రాస్తున్నాం. మాలో నటీనటులు, దర్శకులు, లైట్లు చూసేవాళ్లు, సెట్టు కట్టేవాళ్లు, వింగులో (వేదిక పక్కన తెరచాటున) పుస్తకం పట్టుకుని డైలాగు అందించేవాళ్లు ఉన్నారు. మిమ్మల్ని అడగదలచింది ఒక్కటే. ప్రభుత్వ ఆడిటోరియంను నాటకానికి ఇచ్చినప్పుడు ప్రదర్శన రోజుతోపాటు ముందురోజు కూడా, రాత్రి పది గంటల దాకా, ఆ బుకింగులో భాగంగానే ఇవ్వమని ఉత్తర్వు వేయండి. పురస్కారాలూ ఉత్సవాలూ మంచివే. వాటికంటే ముందు ఈ ఒక్క రోజు మాకు కావాలి. హాళ్ల నిర్వహణ చూసే అధికారులకు ఈ అవసరాన్ని ఇంతవరకూ ఎవరూ లెక్కకట్టి చూపించినట్టు లేదు కాబట్టి, ఆ లెక్క మేమే మీ ముందు పెడుతున్నాం.

రెండు గంటల నాటకానికి ఔత్సాహిక బృందం సుమారు ఎనిమిది వారాలు రిహార్సల్ చేస్తుంది. వారానికి మూడు సాయంత్రాలు, పూటకు రెండున్నర గంటలు, మొత్తం 60 గంటలు. మొదటి వారం అందరూ కూర్చుని చదువుకుంటారు. తర్వాత రెండు మూడు వారాలు ఎవరు ఎటునుంచి వచ్చి ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడంతో గడుస్తాయి. ఐదో వారానికి అందరికీ తమ పోర్షన్ (తమ వంతు డైలాగులు) వచ్చెయ్యాలి. ఆ పైన అంకాలు ఆగకుండా నడుపుతారు. ఇదంతా జరిగేది ఏ తరగతి గదిలోనో, ఎవరింటి ముందుగదిలోనో. గది వెడల్పు 18 అడుగులుంటే, వేదిక 36 అడుగులుంటుంది. గదిలో నాలుగు అంగల్లో కిటికీ చేరుకున్న పాత్ర వేదిక మీద ఎనిమిది అంగలు వెయ్యాలి. డైలాగు మాత్రం నాలుగు అంగలకే కుదిరిపోయి ఉంటుంది. మాట అయిపోతుంది, మనిషి ఇంకా దారిలోనే ఉంటాడు. ఎదుటి నటుడికి ఎప్పుడు అందుకోవాలో తెలియదు. అలా పడిన రెండు మూడు సెకన్ల ఖాళీలు పదో పదిహేనో పోగయ్యేసరికి సన్నివేశం నీరుగారిపోతుంది.

పోర్షన్ మరిచిపోవడానికి కూడా చాలాసార్లు కారణం ఇదే. జ్ఞాపకం చోటును పట్టుకుని ఉంటుంది. 1975లో గాడెన్, బాడ్లీ అనే పరిశోధకులు నీటి అడుగున ఈదేవాళ్లతో కొన్ని పదాలు కంఠస్థం చేయించారు. నీళ్లలో నేర్చుకున్నవి నీళ్లలోనూ, ఒడ్డున నేర్చుకున్నవి ఒడ్డునా బాగా గుర్తొచ్చాయి. చోటు మారితే తగ్గాయి. నటుడికైతే చోటుతో పాటు నడక కూడా డైలాగుకు ముడిపడి ఉంటుంది. కుర్చీ వెనక్కి తిరిగి వచ్చే మాట, ఆ కుర్చీ ఎనిమిది అడుగుల దూరం జరిగితే నోటికి అందదు. నటుడు కష్టపడలేదని ప్రేక్షకులు అనుకుంటారు. అరవై గంటలు కష్టపడ్డాడు, కానీ ఆ వేదిక మీద ఒక్క గంట కూడా నిలబడలేదు.

ఇక వేదిక మీదే, నాటకం మొదలయ్యేలోపే జరగాల్సిన పనులు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఫ్లాట్లతో (గోడలా కనిపించే పలకలతో) ఒక గది సెట్టు నిలబెట్టి, వెనక ఊతాలు కట్టి, ఒక్కో ఊతం మీద పదీ పదిహేను కిలోల ఇసుక బస్తా పెట్టి, తలుపు తీసి వేసి గోడ ఊగడం లేదని చూసుకోవడానికి మూడు గంటలు. లైట్లు గురిపెట్టడానికి గంటన్నర. ఒక్కో సందర్భానికి ఎంత వెలుతురో కూర్చి, లైట్లను నడిపే బోర్డులో దాచుకోవడానికి రెండు గంటలు. మైకులు, సౌండ్ ఎఫెక్టులు సరిచూడడానికి గంట. ఆ తర్వాత క్యూలన్నీ, అంటే లైటో సౌండో మారాల్సిన సందర్భాలన్నీ, నటులతో వరసగా సరిచూడడం. లైటుకు నలభై, సౌండుకు పదిహేను క్యూలున్న నాటకంలో ఒక్కోదానికి ముందు రెండు డైలాగులు చెప్పించి, మార్పు జరిగేది చూసి, తప్పితే వెనక్కెళ్లి మళ్లీ చేయించాలి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు చాలా పొదుపైన లెక్క, అయినా దాదాపు నాలుగు గంటలు పడుతుంది. చివర్న మేకప్పుతో, దుస్తులతో, ఎక్కడా ఆపకుండా పూర్తి రిహార్సల్‌కు మూడు గంటలు. మొత్తం పద్నాలుగున్నర గంటలు.

చాలాచోట్ల హాలు మా చేతికి వచ్చేది ప్రదర్శనకు ఐదారు గంటల ముందు. అందులో సెట్టు ఆపడానికి లేదు, లైట్లు ఆపడానికి లేదు. కోత పడేది ఎప్పుడూ ఆఖరి రెండింటికే, అంటే నటుడికి అక్కరకొచ్చే ఏడు గంటలకే. వృత్తి బృందాలకు మర్నాడు ఉంటుంది. మొదటి ఆటలో తప్పింది రెండో ఆటలో దిద్దుకుంటారు. ఎనిమిది వారాల మా పనికి చాలాసార్లు దక్కేది ఒకే ఒక్క ప్రదర్శన. అది రిహార్సల్‌గా ఖర్చయిపోకూడదనే మా తపన.

లైట్ల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ‘హాల్లో లైట్లున్నాయి కదా’ అనే మాట మాకు తరచుగా ఎదురవుతుంది. వేదికను ఎనిమిది పదడుగుల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీదికి ఎడమ ముందునుంచి ఒకటి, కుడి ముందునుంచి ఒకటి, సుమారు 45 డిగ్రీల వాలుతో రెండు లైట్లు వేసే పద్ధతిని 1932లో స్టాన్లీ మెక్‌కాండ్లెస్ వివరంగా రాసిపెట్టాడు. అదే ఇప్పటికీ పునాది. 45 డిగ్రీలంటే, ముఖం కంటే 15 అడుగుల ఎత్తున ఉన్న లైటు నటుడికి 15 అడుగుల ముందు ఉండాలి. అంటే అది ప్రేక్షకుల నెత్తిన ఉండే కడ్డీ మీద ఉండాలి. సభల కోసం కట్టిన హాళ్లలో లైట్లు వేదిక అంచుకు సరిగ్గా పైన బిగించి ఉంటాయి. వాటి కింద నిలబడితే కనుబొమల నీడ కళ్లను మింగేస్తుంది. లేదా హాలు వెనక గోడకు ఉంటాయి. అవి తిన్నగా కొట్టడంతో మనిషి నీడ వెనక తెర మీద ఇంకో పాత్రలా తిరుగుతుంది. తొమ్మిది ముక్కలకు పద్దెనిమిది లైట్లు, ఒక్కోదాన్ని నిచ్చెనెక్కి తిప్పి బిగించడానికి నాలుగైదు నిమిషాలు. గంటన్నర అన్నది ఈ లెక్కే.

ఆ వెలుతురులో నిలబడడం కూడా నేర్చుకోవాల్సిన పనే. కొత్త నటుడు లైటు కళ్లలో పడగానే అడుగు వెనక్కి వేస్తాడు. ఆ అడుగుతో చీకట్లోకి వెళ్తాడు. ముఖానికి వెచ్చదనం తెలిసే చోటు వెతుక్కుని అక్కడే నిలవడం పదిసార్లు చేస్తే వస్తుంది, నేల మీద రంగు టేపు ముక్క అంటించి పెడితే ఇంకా త్వరగా వస్తుంది. దీనికి కావాల్సింది లైటు వెలిగి ఉన్న వేదిక, ఒక సాయంత్రం.

మాట వినబడడం గురించి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో ఒక్క మాటా తెలియడం లేదంటే, వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు ఇంకో హాలు నుంచి సీటు మెత్తలు మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, శబ్దం ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. ఖాళీ గదిలో అది ఐదున్నర సెకన్లు. నాటకానికి కావాల్సింది సుమారు ఒక సెకను. దాటితే ముందు అక్షరంలోని అచ్చు మోగుతూనే ఉంటుంది, తర్వాతి హల్లు అందులో మునిగిపోతుంది. మన మాటల్లో ఎక్కువ భాగం అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి నష్టం ఇంకాస్త ఎక్కువగా తెలుస్తుంది.

సబీన్ సూత్రం చాలా సులువైనది. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, శోషణతో (హాల్లోని గోడలూ వస్తువులూ మనుషులూ శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో) భాగిస్తే సెకన్లు వస్తాయి. 3000 ఘనపు మీటర్ల హాల్లో ఒక సెకనుకు రావాలంటే 480 చదరపు మీటర్ల పైచిలుకు శోషణ కావాలి. కూర్చున్న మనిషి సుమారు అర చదరపు మీటరు శోషణ ఇస్తాడు. నాలుగు వందల మంది వస్తే రెండు వందలు. మిగతా 280 గోడలు, పైకప్పు, తెరలు, సీట్ల మెత్తలు ఇవ్వాలి. నున్నటి సిమెంటు గోడ, పాలరాతి నేల, ప్లాస్టిక్ కుర్చీలు దాదాపు ఏమీ ఇవ్వవు. సౌండు సరిగా లేదని కొత్త ఆంప్లిఫయర్ కొనడం దీనికి మందు కాదు. మోగే గదిలో శబ్దం పెంచితే మోతే పెరుగుతుంది. వెనక గోడకూ పక్క గోడల పైభాగానికీ రెండంగుళాల రాతి ఉన్ని పలకలు గుడ్డ కప్పి బిగించడం ఆంప్లిఫయర్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

మైకులకూ వాటి చిక్కులు వాటికున్నాయి. పైనుంచి వేలాడే మైకు నోటికి పదడుగుల దూరంలో ఉండి మాట కంటే గది మోతను ఎక్కువగా పట్టుకుంటుంది. వేదిక అంచున పెట్టే మైకు, కింద స్పాంజి ముక్క లేకపోతే, అడుగుల చప్పుడు మోసుకొస్తుంది. కాలరు మైకు దుస్తుల రాపిడికి గరగరలాడుతుంది, ఇద్దరు నటులు దగ్గరకొస్తే ఒకరి గొంతు రెండు మైకుల్లో పడి బోలుగా వినిపిస్తుంది. అందుకే మైకుల మధ్య దూరం నోటికీ మైకుకీ ఉన్న దూరానికి మూడు రెట్లైనా ఉండాలంటారు. కౌగిలించుకునే సన్నివేశంలో అది సాధ్యం కాదు, ఒకరి మైకు తగ్గించాలి. ఏ మాట దగ్గర తగ్గించాలన్నది సౌండు చూసే మనిషి ఒక్కసారైనా నాటకం చూసి ఉంటేనే తెలుస్తుంది. మైకు లేకుండా ఆడదలచిన వాళ్లకు దూరం రెట్టింపైనప్పుడల్లా గొంతు ఆరు డెసిబెల్స్ తగ్గుతుందని తెలిసుండాలి, ఆఖరి వరసలో ఒకరిని కూర్చోబెట్టి విననివ్వాలి.

చీకటి గురించి కూడా చెప్పాలి, ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం. బ్లాకౌట్‌లో (లైట్లన్నీ ఆర్పేసినప్పుడు) వెలుతురు నుంచి వింగులోకి వచ్చిన నటుడికి కాసేపు ఏమీ కనబడదు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అతను బయటకు రావాల్సింది ఐదు సెకన్లలో. మెట్ల అంచులకూ సెట్టు మూలలకూ చీకట్లో మెరిసే టేపు, వింగుల్లో నేలవైపు తిప్పిన సన్నటి నీలం బల్బులు, తీగలన్నీ నేలకు అంటించి ఉండడం, ఇవి హాలుకు శాశ్వతంగా ఉండాల్సినవి. దుస్తులు నలభై సెకన్లలో మార్చుకోవాల్సిన చోట సాయం పట్టే మనిషితో కలిపి కనీసం మూడుసార్లు చేసి చూడాలి. లేకపోతే హుక్కు పెట్టుకోని నటి ఎంట్రీ తప్పుతుంది.

అత్యవసర ద్వారాలకు నాటకం జరుగుతుండగా తాళాలు ఉండకూడదు. చికాగోలో ఇరక్వా థియేటర్ 1903 డిసెంబర్ 30న తగలబడింది. అప్పటికి తెరిచి ఐదారు వారాలే. లైటు నుంచి లేచిన నిప్పురవ్వ తెరకు అంటుకుంది. మంటను ఆపాల్సిన తెర సగంలో ఇరుక్కుంది. బయటికి దారులు మూసి ఉన్నాయి. 602 మంది చనిపోయారు. నిప్పు త్వరగా అంటుకోకుండా తెరలకు పట్టించే రసాయనం ఉతికితే పోతుంది, మళ్లీ పట్టించాలి. ఈ సంగతి హాలు సిబ్బందికి చెప్పి ఉంచండి.

విద్యుత్తు లెక్క కూడా అలాంటిదే. వెయ్యి వాట్ల లైట్లు ఇరవై వెలిగితే 230 వోల్టుల దగ్గర 87 ఆంపియర్లు. మూడు ఫేజులకు సమంగా పంచితే ఒక్కోదానికి 29. పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు మూడు లైట్లే పెట్టాలి. ఏ ప్లగ్గు ఏ ఫేజులో ఉందో గోడ మీద రాసి ఉండదు కాబట్టి, అన్నీ ఒకదానికే తగిలించి, పతాక సన్నివేశంలో ట్రిప్ అయ్యాక తెలుసుకుంటాం. సౌండుకూ, లైట్ల వెలుతురు తగ్గించే డిమ్మర్లకూ వేర్వేరు లైన్లు లేకపోతే లైటు మసకబారినప్పుడల్లా స్పీకరు జుమ్మంటుంది.

ఉత్తర్వులో ముందురోజుతో పాటు మరో మూడు మాటలు చేరిస్తే చాలు. ప్రతి హాలూ తన వేదిక కొలతలు, వింగుల వెడల్పు, లైటు కడ్డీల ఎత్తు, ప్లగ్గులూ ఫేజుల వివరం ఒక పేజీ పటంగా అందరికీ అందుబాటులో పెట్టాలి. అది చేతిలో ఉంటే రిహార్సల్ గదిలో ఉన్నంత మేరకైనా నేల మీద టేపుతో వేదిక గీసుకుని నిజమైన దూరాల్లోనే నడక నేర్చుకుంటాం. ప్రతి హాల్లో తాళాలు, మీటర్లే గాక లైట్లూ మైకులూ తెలిసిన ఒక మనిషి ముందురోజు సాయంత్రం కూడా ఉండాలి. మా వాళ్లు ఉద్యోగాల నుంచి వచ్చేది ఆరు దాటాకే, కాబట్టి ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఇస్తే ఆ సమయం మాకు పనికిరాదు. ఇక కొత్త హాలు కట్టేటప్పుడు, పటం ఖాయం కాకముందే, నాటకం వేసేవాళ్లను పిలిచి చూపించాలి. వేదికకు రెండు పక్కలా వింగులు, వెనక తెర వెనక మూడడుగుల దారి, ప్రేక్షకుల మధ్యనుంచి వెళ్లక్కర్లేకుండా మేకప్ గదికీ మరుగుదొడ్డికీ మార్గం, పాలరాయికి బదులు చెక్క నేల అప్పుడైతే ఒక గీతతో వచ్చేస్తాయి. కట్టాక పగలగొట్టాల్సి వస్తుంది.

ముందురోజు ఇస్తే అద్దె నష్టపోతామని అధికారులు అనవచ్చు. వారాంతాలు, పెళ్లిళ్ల రోజులు మేము అడగడం లేదు. బుకింగులు పలచగా ఉండే వారం మధ్య రోజుల్లో రెండేసి రోజులు కలిపి ఇచ్చినా సర్దుకుంటాం, ఒక హాలులో ఆరు నెలలు అలా చేసి చూసి మిగతా వాటికి విస్తరించినా ఒప్పుకుంటాం.

మీరు ఏ హాలు చెబితే ఆ హాలుకు మేము వస్తాం. కొలత టేపు, డెసిబెల్ మీటరు, స్టాప్‌వాచ్ మేమే తెచ్చుకుంటాం. మీ ఇంజనీరు గారిని ఒక సాయంత్రం పంపండి, వేదిక పటం ఆ పూటే గీసి ఆయన చేతికిస్తాం.

ఇట్లు,
ఔత్సాహిక నాటక బృందాల నటీనటులు, సాంకేతిక సహచరులు