తాలు మిర్చికి కోల్డ్ స్టోరేజీ, తేజ మిర్చికి నడిరోడ్డు: ఐటీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

హనుమకొండ నుంచి నమస్కారాలు. పింఛనుదారుల ఆధార్, ఖాతా వివరాలు బయటపడ్డాయని మూడు సోమవారాలు లైన్లో నిలబడి మూడు అర్జీలు ఇచ్చాను. రసీదులు తప్ప ఏమీ రాలేదు. అందుకే నాలుగోది నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఏ కార్యాలయమో చెప్పను. చెబితే వేటు పడేది అక్కడి ఔట్‌సోర్సింగ్ పిల్లల మీదే.

మా పెద్దోడికి సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను వస్తుంది. ఒక మధ్యాహ్నం మా ఇంటామెకు ఫోన్ వచ్చింది. పిల్లవాడి పేరు, వైకల్యం ఎంత శాతం, బ్యాంకు ఖాతా చివరి నాలుగు అంకెలు అన్నీ అవతలివాడే చదివాడు. "పింఛను పెరిగిందమ్మా, ఓటీపీ చెప్పండి" అన్నాడు. ఇంత తెలిసినవాడు ఆఫీసువాడే అనుకుని ఆమె మూడంకెలు చెప్పేసింది. మిగతావి చెప్పేలోపు మా చిన్నది ఫోన్ గుంజుకుంది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాం. ఇప్పుడు ఇంట్లో ఫోన్ మోగితే చాలు, టెన్షన్. బ్యాంకు వాళ్లు నిజంగా చేసినా ఎత్తడం లేదు.

వివరాలు ఎట్లా పోయాయో కనుక్కోవడానికి పోలీసులు అక్కర్లేకపోయింది. పక్కింటాయన ఫోన్‌లోనే దొరికింది, ఏదో వాట్సాప్ గ్రూపులో తిరిగిన పింఛన్ల ఎక్సెల్ ఫైలు. ఆధార్ పన్నెండు అంకెలూ, ఖాతా నంబరు, ఫోన్ నంబరు, వైకల్యం రకం. పాస్‌వర్డ్ లేదు. మా వీధిలో ఎవరి బిడ్డకు మతి సరిగా లేదో ఆ ఫైలు చదివితే తెలుస్తుంది. ఆ తల్లులు దాచుకున్న సంగతులు సార్ అవి.

కార్యాలయంలో అడిగితే, "మా సర్వర్‌కు ఫైర్‌వాల్ (బయటివాళ్లు చొరబడకుండా ఆపే ఏర్పాటు) ఉంది, డేటా మొత్తానికి ఒకే భద్రత" అన్నారు. రోగం అక్కడే ఉంది. ఫైలు సర్వర్ దాటి వచ్చాక ఫైర్‌వాల్ ఏం చేస్తుంది? అదే కార్యాలయం వెబ్‌సైట్లో సెలవుల జాబితా చూడాలంటే మాత్రం లాగిన్, క్యాప్చా, ఓటీపీ! ఏనుమాముల మార్కెట్లో పనికిరాని తాలు మిరపకాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి మేలు రకం తేజ కాయను వానలో రోడ్డు మీద పోస్తే రైతు ఊరుకుంటాడా?

నేను మడికొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. మా దగ్గర ఫైలు తయారుకాగానే అది అందరూ చూసేదా, ఆఫీసులో వాళ్లకేనా, గోప్యమా, అతి గోప్యమా రాయాలి. తాళం ఏమిటన్నది ఆ తర్వాతి మాట. క్యాంటీన్ మెనూకు తాళమే లేదు. జీతాల ఫైలు ఇద్దరే తెరవగలరు, ఎప్పుడు తెరిచారో లాగ్‌లో పడుతుంది, బయటికి మెయిల్ చేయబోతే ఆగిపోతుంది. మీకు ఇది కొత్తేమీ కాదు. కాన్ఫిడెన్షియల్ ముద్ర పడ్డ కాగితం మీ దగ్గర కవర్లో సీలు వేసుకునే కదులుతుంది. అదే కాగితం ఎక్సెల్ అయ్యేసరికి ముద్ర ఎక్కడ రాలిపోతోంది?

అన్నీ దాచేయమని అనడం లేదు. దాచితే దొంగ లబ్ధిదారులకే పండగ. పేరు, ఊరు పంచాయతీ గోడ మీద అంటించండి. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు చాలు. ఖాతా నంబరు డబ్బు వేసేవాళ్లకు, వైకల్యం వివరం డాక్టర్ల బోర్డుకు. ఒకే జాబితా, కాలమ్‌కో తాళం. ఇది రాకెట్ సైన్సా?

డేటా బయటపడిందని తెలిసిన ఆరు గంటల్లో తనకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే ఆదేశించింది, ప్రభుత్వ సంస్థలకు కూడా. ఎవరైనా తెలిపారా? ఇక 2023 డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువట. అప్పటిదాకా మా ఇంటామె ఫోన్ ఎత్తకుండా ఉండాలా?

దయచేసి ఆ ఫైలు ఎక్కడెక్కడ ఉందో వెతికించి తీయించండి. అందులో పేరున్న ప్రతి ఇంటికీ "మీ వివరాలు పోయాయి, ఓటీపీ చెప్పొద్దు" అని కబురు పంపండి. దయచేసి ప్రతి ఫైలు మీదా గోప్యత స్థాయి రాయించండి. ఎన్నిసార్లు దయచేసి అనాలో నాకూ తెలియడం లేదు.

ఒక్కటి మరిచాను. ఆధార్ వివరాలు బయటపడ్డాయని ఇచ్చిన అర్జీకి ఆధార్ జిరాక్స్ జత చేయమన్నారు. చేశాను. మూడోసారి వెళ్లేసరికి ఆ జిరాక్స్ బల్ల మీదే ఉంది, వెనకవైపు ఎవరో టీ లెక్క రాసుకున్నారు. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. ఈసారి జిరాక్స్ అడగొద్దని కనీసం ఆ ఒక్క మాట చెప్పించండి.

ఇట్లు,
ఒక తండ్రి, హనుమకొండ